తొర్ర దొరికితేనే పాట
హౌరా బొటానికల్ గార్డెన్‌కు జనం వచ్చేది మహా మర్రిని చూడటానికి. అక్కడి పెద్ద నల్లంచికి కావలసింది మాత్రం ఓ పుచ్చిన చెట్టు

ఫ్యాక్టరీలు, రైల్వే యార్డులు, ఇరుకు సందులు. హౌరా అనగానే గుర్తొచ్చేవి ఇవే. పక్షుల మాటెత్తితే చలికాలంలో సాంత్రాగచ్చి చెరువులో దిగే వలస బాతుల గురించే చెబుతారు. కానీ ఏడాదంతా ఇక్కడే ఉండి, వేసవిలో తెల్లవారకముందే చిటారు కొమ్మ మీద పాట అందుకునే గాయకుడు వేరే ఉన్నాడు. బెంగాలీలు దాన్ని దోయెల్ అంటారు. తెలుగులో అది పెద్ద నల్లంచి.

పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు. మగపక్షి తల, వీపు, రొమ్ము నీలి మెరుపుతో నిగనిగలాడే నలుపు. పొట్ట, రెక్క మీది చార, తోక అంచులు తెలుపు. ఆడపక్షిలో నలుపు చోటును బూడిద రంగు ఆక్రమిస్తుంది. తోకను నిక్కబొడుచుకుని నేల మీద గెంతుతూ పురుగులను ఏరుకోవడం దీని అలవాటు. మగపక్షి పాట ఆడపక్షికి పిలుపు, పొరుగు మగపక్షికి హెచ్చరిక. మధ్యలో ఇతర పక్షుల కూతలనూ అనుకరిస్తుంది. మార్చి నుంచి జులై దాకా సాగే జతకట్టే కాలం ముగిశాక గొంతు తగ్గించి పొదల చాటుకు చేరుతుంది.

దీని పేరు యూరపియన్లను బాగానే తికమక పెట్టింది. 1737లో ఎలీజర్ ఆల్బిన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు దీన్ని 'డయల్ బర్డ్' అన్నాడు. అది నీడ గడియారానికి సంబంధించిన మాటేమోనని తర్వాతివారు భ్రమపడ్డారు. నిజానికి అది మన దేశపు పేరుకే వచ్చిన వికారం. పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌కు ఈ దోయెలే జాతీయ పక్షి.

పలచని అడవులు, తోటలు, ఊరి చివరి చెట్ల గుంపులు దీని నివాసం. హౌరాలో అలాంటి చోటు శివపూర్‌లోని బొటానికల్ గార్డెన్. హుగ్లీ ఒడ్డున 1787లో ఈస్టిండియా కంపెనీ నెలకొల్పిన ఈ 273 ఎకరాల తోటకు 2009లో జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు. సామర్లకోటలో మొక్కలు పెంచి, పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో దీని బాధ్యతలు చేపట్టారు.

ఇక్కడే ఈ పక్షికి అసలు చిక్కు. వడ్రంగి పిట్టలా ఇది చెట్టును తొలుచుకోలేదు. ఉన్న తొర్రలోనో, గోడ కంతలోనో వేర్లు, గడ్డి పరచుకుని నాలుగైదు గుడ్లు పెడుతుంది. పొదిగే పని ఎక్కువగా ఆడపక్షిదే. కాపలా మగపక్షిది. తొర్రలు లేత చెట్లకు ఉండవు. కొమ్మ విరిగి, మాను పుచ్చితేనే ఏర్పడతాయి. వాటి కోసం గోరింకలూ పోటీ పడతాయి.

తోటకేమో పుచ్చు అంటే జబ్బు. 1864, 1867 తుపాన్లలో దెబ్బతిని శిలీంధ్రం సోకిన మహా మర్రి అసలు మానును 1925లో తొలగించారు. ఊడల మీదే అది బతుకుతోంది. 2020 మే 20న విరుచుకుపడిన ఆంపన్ తుపాను ఈ తోటలో ఎన్నో పాత చెట్లను కూల్చేసింది. వాటి స్థానంలో మొక్కలు నాటవచ్చు. తొర్ర ఏర్పడటానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

సందర్శకులు నడిచే బాటల పక్కన ఎండుమాను ప్రమాదమే, తొలగించక తప్పదు. కానీ జన సంచారం లేని చోట్ల కొన్నింటిని అలాగే వదిలేయవచ్చు. ఈ పక్షి చెక్క పెట్టెల్లోనూ గూడు పెడుతుంది కాబట్టి ఆ ఖర్చూ స్వల్పమే.

పెద్ద నల్లంచి అంతరించిపోతున్న జాతి కాదు. అందుకే దాని గురించి ఎవరికీ దిగులు లేదు. సింగపూర్‌లోనూ 1920లలో ఇది సర్వసాధారణమే. 1970ల నాటికి అరుదైపోయింది. చోటు కరవవడం, పాట కోసం పట్టి పంజరాల్లో పెట్టడం అందుకు ప్రధాన కారణాలు. మన దేశంలో దీన్ని పట్టడం, అమ్మడం నేరం. వలవేసేవాడిని చట్టం అడ్డుకోగలదు. తోటను 'శుభ్రం' చేసే రంపానికి అడ్డుపడాల్సింది మాత్రం తోటను చూసుకునేవారే.