సీసపు రేకుల సందుల్లోంచి

సూరత్ నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. మగ్గాల మీద బతికే ఇళ్ల పిల్లలు వస్తారు. ఎక్స్‌రే పాఠం అయ్యాక వాళ్లలో ఒకడు లేచి అడిగాడు: "సార్, ఎముక దగ్గర ఆగినవి ఆగాయి, దాటినవి దాటాయి. లోపల దేనికో తగిలి పక్కకు మళ్లినవి ఏమవుతాయి?"

పాఠ్యపుస్తకాలు దాటేసే ప్రశ్న ఇది. ఎక్స్‌రే బొమ్మకు అసలు పీడ ఆ పక్కకు మళ్లినవే. ట్యూబులోంచి తిన్నగా వచ్చిన కిరణం ఫిల్ము మీద ఎక్కడ పడితే అక్కడికి దాని దారి చెప్పగలం. ఒంట్లో ఎలక్ట్రాన్‌కి తగిలి మళ్లిన కిరణం మాత్రం తనకు సంబంధం లేని చోట పడి అక్కడ నలుపు పెంచుతుంది. ఎముకకూ కండకూ తేడా చెరిగి, ఫిల్మంతా మసక కమ్ముతుంది. ఒళ్లు మందమయ్యేకొద్దీ ఈ బెడద ఎక్కువ. పొట్ట, నడుము ఫొటోల్లో తిన్నగా వచ్చిన వాటికంటే చెదిరి వచ్చినవే కొన్ని రెట్లు ఉంటాయి.

చెదిరినవాటిని శక్తి చూసి ఏరెయ్యవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. ఆర్థర్ కాంప్టన్ 1923లో ఇచ్చిన లెక్క ప్రకారం 60 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణం పూర్తిగా 90 డిగ్రీలు మళ్లినా ఇంకా 54 దాకా మిగుల్చుకుంటుంది. పైగా ట్యూబు నుంచి వచ్చే కిరణాల్లోనే అన్ని రకాల శక్తులూ కలిసి ఉంటాయి. (ఈ కాంప్టన్ లెక్కనే సి.వి.రామన్ 1927లో మన వాల్తేరులో కూర్చుని పాత భౌతికశాస్త్రం పద్ధతిలో రాబట్టారు. రామన్ ఎఫెక్ట్ ఆ తర్వాత కొద్ది నెలలకే బయటపడింది.) ఇక మిగిలిన ఆనవాలు ఒక్కటే, కిరణం వచ్చిన దిక్కు.

కాంప్టన్ లెక్క రావడానికి పదేళ్ల ముందే, 1913లో, బెర్లిన్ వైద్యుడు గుస్తావ్ బకీ ఆ దిక్కును పట్టుకున్నాడు. రోగికీ ఫిల్ముకీ మధ్య సీసపు గ్రిడ్ పెట్టాడు. గ్రిడ్ ఎలా ఉంటుందో నేత పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు. మగ్గంలో పడుగు పోగులు దూరే అచ్చు లాంటిదే, పళ్లు సీసానివి. రేకు ఎత్తు సందు వెడల్పుకి ఎనిమిది రెట్లుంటే, రేకులకు అడ్డంగా సుమారు 7 డిగ్రీలు మించి వాలిన కిరణం చాలావరకు సీసానికి తగిలి ఆగిపోతుంది. పన్నెండు రెట్లుంటే 5 డిగ్రీల లోపే. ట్యూబు నుంచి కిరణాలు విచ్చుకుంటూ వస్తాయి కనుక నేటి గ్రిడ్‌లలో అంచుల వైపు రేకుల్ని ట్యూబు వైపు వాల్చి పేరుస్తారు. అలాంటి గ్రిడ్‌ని తలకిందులుగా పెడితే బొమ్మ నడుమ ఒక పట్టీ మేరకే వస్తుంది.

బకీ గ్రిడ్‌లో రేకులు అడ్డంగానూ నిలువుగానూ గళ్లు కట్టి ఉండేవి. చెదిరినవి ఆగాయి గానీ, ఆ గళ్ల నీడ బొమ్మ మీద పడింది. ఇక్కడే నాకెంతో ఇష్టమైన మనిషి వస్తాడు: షికాగో వైద్యుడు హాలిస్ పాటర్. ఆయన ఒక దిశ రేకుల్ని తీసిపారేశాడు. మిగిలిన రేకుల పొడవునా వాలిన కిరణాలు తప్పించుకుంటాయి, నిజమే. కానీ ఇప్పుడు గ్రిడ్‌ని రేకులకు అడ్డంగా జరపవచ్చు. ఫొటో తీస్తున్నంతసేపూ జరుపుతూ పోతే ప్రతి రేకు నీడా అన్నిచోట్లా సమానంగా పరుచుకుంటుంది. అన్నిచోట్లా సమానంగా ఉన్న నీడ కంటికి కనిపించదు! 1920లో పాటర్ దీన్ని ప్రచురించాడు.

జరపడంలోనూ ఒక చిక్కుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి పాత మిషన్లలో ఎక్స్‌రే సెకనుకు 100 దఫాలుగా వెలువడేది. సెంటీమీటరుకు 40 రేకులున్న గ్రిడ్ సరిగ్గా సెకనుకు రెండున్నర సెంటీమీటర్ల వేగంతో కదిలిందనుకోండి, ప్రతి దఫాకీ ఒక రేకు సరిగ్గా పక్క రేకు ఉన్న చోటికే చేరుతుంది. చెరిపేశామనుకున్న గీతలు మళ్లీ ప్రత్యక్షం! అందుకే వేగాన్ని ఆ లెక్కకు కుదరకుండా పెట్టాలి.

పరికరానికి ఇద్దరి పేర్లూ పెట్టినా టెక్నీషియన్ల నోట నిలిచింది బకీ పేరే. అది పాటర్‌కి అన్యాయమనే నేనంటాను. బకీ తర్వాత అమెరికా చేరి, ఐన్‌స్టీన్‌తో కలిసి కెమెరాకు పేటెంట్ కూడా తీసుకున్నాడు.

గ్రిడ్‌కి మూల్యం ఉంది. అది తిన్నగా వచ్చిన కిరణాల్నీ కొంత మింగుతుంది కనుక మోతాదు కొన్ని రెట్లు పెంచాల్సి వస్తుంది. పలచని భాగాలకు, పసిపిల్లల ఫొటోలకు సాధారణంగా గ్రిడ్ తీసేయడం అందుకే. ఐసీయూ మంచం పక్కన, కదల్లేని రోగి వీపు కింద గ్రిడ్ కాస్త ఒరిగినా బొమ్మ చెడుతుంది. అందుకని ఫుజీఫిల్మ్, ఫిలిప్స్ వంటి కంపెనీలు చెదిరిన కిరణాల్ని అంచనా వేసి బొమ్మలోంచి తీసివేసే సాఫ్ట్‌వేర్లు తెచ్చాయి. ఆ లెక్క మసకను తీసేస్తుంది గానీ, ఫిల్ము స్థానంలో వచ్చిన డిటెక్టర్ మీద చెదిరిన కిరణాలు అప్పటికే పడి మిగిల్చిన గరుకును తీయలేదు. సీసానికి తగిలి ఆగిన కిరణం డిటెక్టర్ దాకా రానే రాదు. భారీకాయుల పొట్ట, నడుము ఫొటోలకు ఈనాటికీ సీసపు రేకులనే నమ్ముకోవడానికి అదొక కారణం.