శాస్త్రము చదువు మన బాలికలు – పనియం దభ్యాసము

గడచిన కార్తికమున మేము నెల్లూరినుండి మైపాడు పోయి సముద్రస్నానము చేసితిమి. పడవలు ఒడ్డునకు చేరుచుండెను. వలలనుండి చేపలు తీసి తట్టల కెత్తుచున్న స్త్రీల చెంత నొక యువకుడు, చేతిలోని ఫోనును చూచి, మరునాడు ఏ దిక్కునకు పోయిన చేప దొరకునో తోడివారికి చెప్పుచుండెను. ఆ సమాచారము హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను ప్రభుత్వసంస్థ పంపునది. ఉపగ్రహములు సముద్రజలముల వేడిమిని, నీటిలోని పచ్చదనమును కొలువగా, శాస్త్రజ్ఞులు చేపలు గుమిగూడు తావులను లెక్కకట్టి జాలరులకు తెలుపుదురు. 2004 డిసెంబరు 26వ తేదీ సునామి మన తీరమును తాకిన పిమ్మట, 2007 అక్టోబరులో ఆ సంస్థయందే సునామి హెచ్చరిక కేంద్రము వెలసినది. ప్రజలు చెల్లించు పన్నుల సొమ్ము పరిశోధనయై యిట్లు మరల ప్రజలను చేరుచున్నది.

ఆ పూట మాకు భోజనము పెట్టిన యిల్లాలు, మాటలసందున తన చింతను వెల్లడించినది. "మా పిల్ల నెల్లూర్లో బీయస్సీ చదువుతుందమ్మా. మార్కులకు కొదవలేదు. వేసవిలో ఏదో పరిశోధనాలయంలో రెండు నెలలు పనిచేస్తానంటుంది. ఖర్చెవరు పెడతారు? ఆడపిల్లను అంత దూరం ఎట్ట పంపేది?" ఆ బాలిక తలుపు చాటున నిలిచి వినుచుండెను. ఆ తల్లికి మేము చెప్పినదే మన సోదరీమణులకును విన్నవించుచున్నాము.

చేపల పులుసు చేయు విధము కాగితముపై వ్రాసి యిచ్చినంతనే చేయి తిరుగునా? శాస్త్రమును అట్టిదే. మైపాడునకు దక్షిణమున ముత్తుకూరులో 1991లో ఏర్పడిన మత్స్యశాస్త్ర కళాశాల కలదు. అచ్చటి విద్యార్థులు చివరి సంవత్సరమున గ్రామములకును, రొయ్యల గుంటలకును పోయి పని నేర్చుకొనుట వారి చదువులోని భాగమే. 1990 దశకమున తెల్లమచ్చల తెగులు సోకి గుంటలకు గుంటలు నష్టపడిన నెల్లూరుసీమలో, తెగులును వేళకు గుర్తింపగల చేయి యెంత విలువైనదో చెప్పనక్కరలేదు.

తక్కిన కళాశాలలలో చదువు బాలికలు ఇట్టి అభ్యాసమును తామే వెదకుకొనవలెను. ఇందులకు మార్గములు లేకపోలేదు. బెంగుళూరు, ఢిల్లీ, అలహాబాదులలోని మూడు శాస్త్ర అకాడమీలు కలసి వేసవి పరిశోధన ఫెలోషిప్పుల నిచ్చుచున్నవి. ఎన్నికైనవారు రెండు నెలలు ఒక శాస్త్రజ్ఞుని యొద్ద పని చేయుదురు. భృతియు, రైలు ఖర్చును ఇత్తురు. అయితే వేసవి పనికి శీతకాలముననే దరఖాస్తు పంపవలెను. పరీక్షలైన పిమ్మట మేలుకొన్నచో తలుపు మూసియుండును.

ఇంటరు పరీక్షలో తమ బోర్డునందు నూటికి మొదటి ఒక్కరిలో నిలిచి, భౌతిక, రసాయన, జీవశాస్త్రములవంటి మూలశాస్త్రములు చదువువారికి, 2008లో ప్రారంభమైన ఇన్‌స్పైర్ పథకముక్రింద ఏటికి 80,000 రూపాయల విద్యార్థివేతన మేర్పడినది. అందు 20,000 వేసవి పరిశోధనకై ఉద్దేశింపబడినవి. ఇంజనీరింగు, వైద్యము చదువువారి కిది వర్తింపదు. ఎమ్మెస్సీ పిదప నెట్, గేట్ వంటి పరీక్షలలో నెగ్గి పరిశోధనకు చేరువారికి, నెలకు 37,000 రూపాయల భృతి 2023 జనవరినుండి నిర్ణయింపబడినది. వివాహముచేతనో, శిశుపోషణముచేతనో శాస్త్రవృత్తిని విడిచిన స్త్రీలకై 2002లో కేంద్రప్రభుత్వము ప్రత్యేక పథకము నెలకొల్పినది. ఆ ప్రయత్నము వైజ్-కిరణ్ అను పేర సాగుచున్నది. మన పాఠకురాండ్రలో అట్టివా రుందురు గదా!

పథకము దొరకనివారు తిన్నగా ఆచార్యులకే జాబు వ్రాయవచ్చును. ముందుగా వారి పరిశోధన యేమో చదివి, తాము నేర్చినదేమో, నేర్వగోరున దేమో పది పంక్తులలో తెలుపవలెను. ఒకే జాబును పదిమందికి పంపుట తగదు. ఒకరు బదులీయకున్న నిరాశపడక మరియొకరికి వ్రాయవలెను. పని చూపెదమని ముందుగా సొమ్మడుగువారిని మాత్రము నమ్మరాదు.

ఇక తల్లి భయము. అది అకారణమని మేమనము. వసతి యెక్కడ, స్త్రీలకు ప్రత్యేక వసతిగృహ మున్నదా, పనివేళ లెట్టివి, పైఅధికారి యెవరు అని ముందే అడిగి తెలిసికొనుట తల్లిదండ్రుల హక్కు. తొలినాడు తండ్రియో, అన్నయో తోడుపోయి చూచి రావచ్చును. విచారించిన పిమ్మట పంపుట వివేకము. విచారింపకయే వలదనుట బిడ్డకు అన్యాయము. ప్రభుత్వము ఖర్చు భరించునపుడు, అడ్డు మన గడపయే కాకూడదు.

మేము బండి యెక్కుచుండగా ఆ యిల్లాలు కుమార్తెను పిలిచి, "గడువింకెన్ని రోజులుంది?" అని యడిగినది. "పది రోజులమ్మా" అని ఆ బాలిక మెల్లగా బదులు చెప్పినది. "అయితే ఈ రాత్రే నింపు. మీ నాయనతో నేను మాట్లాడతాలే" అని తల్లి అనగా, ఆ బాలిక తలుపు చాటునుండి వెలుపలికి వచ్చినది.