గునుగుకు గిరాకీ తొమ్మిది రోజులేనా?

సంగారెడ్డి: ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల వరకు పూల బజారులో సరుకు నిలవదు. దసరా దాటగానే బంతి ధర జారిపోతుంది, దీపావళికి గాని మళ్లీ కదలిక రాదు. గుడిమల్కాపూర్ అడ్తీదారులకు ఈ ఒడిదుడుకులు అలవాటే. 2014లో బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించినా ఈ తీరు మారలేదు. అయితే పటాన్‌చెరు, సంగారెడ్డి మెట్టల నుంచి వచ్చే పూలలో కొన్ని పండుగ దాటినా చెడనివి ఉన్నాయి. వర్తకులు వాటిని ఇంకా వేరు సరుకుగా చూడడం లేదు.

గునుగు, పట్టుకుచ్చు, బొగడబంతి మూడూ తోటకూర కుటుంబానివి. ఒక్క కారులోనే మొలిచి, పూచి, గింజ రాల్చి పోతాయి. వీటి పూత సహజంగానే కాగితంలా పొడిగా ఉంటుంది కనుక ఎండినా ఆకారం చెడదు. గునుగుకైతే విత్తనం ఖర్చు లేదు, బోరు ఖర్చు లేదు. తొలకరికి జొన్నచేలల్లో, బీళ్లలో దానంతటదే లేస్తుంది. రైతుకు అది కలుపు, బజారుకు సరుకు. కోత కూలి, బండి కిరాయి తప్ప పెట్టుబడి లేదు. కొసలు కత్తిరించి రంగులో ముంచడం మన ఆడవాళ్లకు ఒకరు నేర్పవలసిన పనీ కాదు.

మన దేశం నుంచి ఎగుమతయ్యే పూల సరుకులో ఎండుపూలది పెద్ద వాటా. కస్టమ్స్ పట్టికలో తాజా పూలూ, ఎండినవీ, రంగు వేసినవీ 0603 శీర్షిక కిందికే వస్తాయి. ఈ వ్యాపారం తూత్తుకుడి, కోల్‌కతాలలో స్థిరపడింది. రేవు దగ్గర ఉండడం వారికి కలిసివచ్చింది. ఇక్కడి సరుకు అంతదూరం పోవాలంటే లారీ కిరాయి చూసుకోవాలి. ఎండుపూలు తేలిక, కాని చోటు ఎక్కువ తింటాయి. పైగా ఎండితే తూకం బాగా పడిపోతుంది. పచ్చి కిలో ధరతో ఎండు కిలో ధరను పోల్చి బేరం చేసినవాడు నష్టపోతాడు.

కోత అదను తప్పరాదు. గునుగు, పట్టుకుచ్చు నల్లగింజ ముదరకముందే కోయాలి, లేదంటే కట్టలోనే రాలిపోతుంది. బొగడబంతి పూర్తిగా గుండ్రబడి రంగు తేలాక కోయాలి. చిన్న కట్టలు కట్టి, చీకటిగా, గాలి ఆడే గదిలో తలకిందులుగా రెండు మూడు వారాలు వేలాడదీస్తారు. ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది. ఆశ్వయుజంలో గాలిలో ఇంకా తేమ ఉంటుంది, బూజు పట్టిన ఒక్క కట్ట పెట్టెనంతా చెడగొడుతుంది.

అసలు చిక్కు సరఫరాలో ఉన్నది. మెట్ట పంటల పరిశోధనకు 1972లో ఇక్రిశాట్ వెలసింది ఈ నేలల మీదనే. ఇప్పుడు ఇస్నాపూర్, పాశమైలారం వైపు బీళ్లు షెడ్లుగా, ప్లాట్లుగా మారాయి. మిగిలిన చేలల్లో కలుపు మందు పడుతోంది. ఉచితంగా దొరికే గునుగు మీద లెక్కలు కట్టుకునే రోజులు పోతున్నాయి. గింజ చల్లి పెంచక తప్పదు.

కొనుగోలుదారు తేలనిదే షెడ్డు మీద డబ్బు పెట్టరాదు. ముందుగా నమూనా కట్టలు పంపి, కాడ పొడవు, రంగు, తేమ, కిరాయి ఎవరిదన్నది కాగితం మీద రాసుకోవాలి. వచ్చే ఏటి విత్తనానికి కొన్ని సాళ్లు కోయకుండా వదలమని రైతుకు ఇప్పుడే చెప్పాలి.