కార్లు పెరిగినా పెరగని గంట

సంపాదన పెరిగేకొద్దీ జనం కార్లలో ఇంకా ఎక్కువ తిరుగుతారని రవాణా నిపుణులు చాలాకాలం లెక్కలు కట్టారు. 2000 తర్వాత సంపన్న దేశాల్లో ఆ లెక్క తప్పింది. ఆడమ్ మిలార్డ్-బాల్, లీ షిపర్ అనే పరిశోధకులు అమెరికా, బ్రిటన్, జపాన్ సహా ఎనిమిది దేశాల గణాంకాలు పరిశీలించి 2011లో ఈ సంగతి చెప్పారు: ఆదాయం పెరుగుతున్నా తలసరి కారు ప్రయాణం పెరగడం ఆగింది, కొన్నిచోట్ల కాస్త తగ్గింది కూడా.

కారణాల్లో ఒకటి సమయం. మనిషి సగటున రోజుకు గంటసేపే ప్రయాణిస్తాడని రవాణా పరిశోధకుడు యాకోవ్ జహావి 1970ల్లోనే ప్రతిపాదించారు. వాహనం వేగం పెరిగితే ఆ గంటలో సమయం మిగుల్చుకోం, ఇంకాస్త దూరం వెళ్తాం. బ్రిటన్‌లో 1970ల మొదట్లో ఒక్కో మనిషి ఏడాదికి సుమారు 7,200 కిలోమీటర్లు తిరిగేవాడు. 1990ల చివరికి అది 11,000 దాటింది. రోజూ పట్టే సమయం మాత్రం దాదాపు గంటే. చాలా ఇళ్లకు కార్లొచ్చి, రోడ్ల మీద వేగం ఇక పెరగనప్పుడు దూరమూ ఆగిపోయింది. యువత తీరూ మారింది. అమెరికాలో 1983లో 19 ఏళ్లవారిలో 87 శాతం మందికి లైసెన్సు ఉంటే, 2010 నాటికి 70 శాతం మందికే ఉంది. అయితే 2014 తర్వాత పెట్రోలు చవకై అక్కడ కార్ల వాడకం మళ్లీ కొంత పెరిగింది.

కారు ప్రయాణాల పెరుగుదల ఏ స్థాయిలో ఆగిందన్నది అన్నిచోట్లా ఒకటి కాదు. జపాన్‌లో తలసరి కారు ప్రయాణం అమెరికాలో సగం కూడా లేదు. అక్కడి నగరాలు రైలు మార్గాల చుట్టూ పెరిగాయి. కారు కొనేవాళ్లు దాన్ని నిలిపే చోటు చూపించాలని 1962లోనే చట్టం చేశారు. అదే అమెరికాలోని డాలస్‌లో స్థిరపడిన మనవాళ్లకైతే పాలు తేవాలన్నా కారు తీయక తప్పదు.

మన దేశంలో 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి నూటికి ఎనిమిది కుటుంబాలకైనా కారు లేదు. అంటే కార్ల వాడకంలో వరంగల్ లాంటి మన ఊళ్లు ఇంకా మొదటి మెట్ల మీదే ఉన్నాయి. అయినా సాయంత్రం వరంగల్ నగరంలోని హన్మకొండ చౌరస్తాలో దుకాణాల ముందు కార్లు ఆగితే, నడిచేవాళ్లు రోడ్డెక్కుతారు, షేర్ ఆటోలు వాళ్ల పక్కనుంచే దూసుకెళ్తాయి. కాజీపేట, హన్మకొండ, వరంగల్ దాదాపు ఒకే బారున ఉన్నాయి. సిటీ బస్సుకు ఇంతకన్నా అనువైన ఊరు ఉండదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీలో మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి బస్సెక్కేవాళ్లకూ కొదవ లేదు. కావలసినవి మరిన్ని బస్సులు, నడవగలిగే ఫుట్‌పాత్‌లు, పార్కింగ్‌కు కట్టుబాట్లు. ఇక్కడ కార్ల వాడకం ఏ స్థాయిలో ఆగాలో ఇప్పుడు వేసే రోడ్లే తేలుస్తాయి. ఊరు కార్లకు అలవాటు పడ్డాక మార్చడం చాలా కష్టం.