కపిలబావియు కలనగణితమును

కృష్ణగిరి జిల్లాయందలి వేప్పనపల్లి తమిళ, కన్నడ, ఆంధ్ర ప్రాంతములు కలియు ఎల్లకు చేరువనున్నది. ఇచ్చటి పల్లెలలో అనేక కుటుంబములకు తెలుగే ఇంటిభాష. 2018లో తమిళనాడు ప్రభుత్వము వెలువరించిన 11వ తరగతి భౌతికశాస్త్ర గ్రంథమున గతిశాస్త్రముతోపాటు అవకలన సమాకలనముల పరిచయమును చేర్చిరి. ఇది మెచ్చదగిన మార్పు. కాని పల్లెనుండి వచ్చిన తెలుగు బిడ్డకు ఒకే పుటలో క్రొత్త గణితము, క్రొత్త భాష రెండును ఎదురగుచున్నవి. భాష తెలియనిచోట గణితమే తెలియదని ఆ బిడ్డ భ్రమపడుట సులభము.

మాటలకు కొరత లేదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల గ్రంథములద్వారా త్వరణము, ద్రవ్యవేగము, సమాకలనము వంటి పదములను వ్యాప్తిచేసినది. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ, 1916లోనే తమిళమున శాస్త్రపదముల నిర్మాణమునకు పూనుకొనిరి. కొరతయెల్ల ఆ పదములను చేతిపనితో ముడివేసి చూపుటయందే కలదు. అందులకు కపిలబావి చాలును.

విద్యుత్తు పంపులు రాకమునుపు మెట్టపొలములకు కపిలయే ఆధారము. ఎద్దులు వాలుదారిని దిగుచుండగా మోకు గిలకపై సాగి, బాన పైకి వచ్చెడిది. బావి లోతు 20 మీటర్లు, నీటితోకూడ బాన బరువు 100 కిలోలు అనుకొన్నచో, బరువును ఎత్తుచే గుణించగా పని 2,000 కిలోగ్రాము-మీటర్లు. దీనిని 9.8చే గుణించిన జౌలులగును. ఉన్నత పాఠశాల సూత్రము ఇంతవరకే. బలము మారనంతవరకే అది చెల్లును.

మోకునకును బరువు కలదు. మీటరుకు అరకిలో చొప్పున మొదట వ్రేలాడునది 10 కిలోలు. బాన గట్టు చేరునప్పటికి సున్న. (వాలుమీదికి పోయిన మోకు బరువు ఇచ్చట లెక్కింపలేదు.) బాన 'య' మీటర్లు లేచినపుడు వ్రేలాడు మోకు పొడవు 20 − య, బరువు అందులో సగము. భాస్కరుని బీజగణితమున అవ్యక్తరాశికి 'యా' యే గుర్తు గనుక, ఈ అక్షరము పరాయిది కాదు. అత్యల్పదూరము లేచునంతసేపు బరువు మారలేదని యెంచి, గుణించి, అట్టి తునకలనెల్ల కూడవలెను. తునకలు సన్నమగుకొలది దోషము సున్నకు చేరును. ఈ కూడికయే సమాకలనము. ఇచ్చట ఫలము 100. మొత్తము పని 2,100.

"సగటు బరువు 5 కిలోలు, ఇరువది మీటర్లు, అదే నూరు గదా, ఇంత శ్రమ ఏల?" అని తెలివిగల రైతు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. బరువు సమముగా తగ్గుటచేతనే సగటు సరిపోయినది.

బానకు మారు నిలువుగోడల రేకుడబ్బాను, 40 కిలోల నీటితో, సమవేగమున తోడినచో ఏమగును? డబ్బా బరువును విడిచి నీటినే చూతురుగాక. అడుగున చిల్లు ఉన్నది; గట్టు చేరుటకు పట్టు కాలమునకు రెట్టింపు కాలములో నీరంతయు కారిపోవును. 1644లో టారిచెల్లి తెలిపినట్లు నీరు వెలువడు వడి నీటిమట్టపు ఎత్తుయొక్క వర్గమూలమును అనుసరించును. కనుక నిండుగానున్నపుడు ధార బలముగను, తరువాత మందముగను ఉండును. లెక్కవేసినచో మిగులు నీరు (40 − య) వర్గమును 40చే భాగించినంత. అడుగున 40 కిలోలు, గట్టున 10. రెంటి సగటు 25; పని 500 అని తోచును. అది తప్పు.

దారిని నాలుగేసి మీటర్ల అయిదు తునకలుగా కోసి, ఒక్కొక్క తునక నడుమనున్న నీటిని తీసికొన్నచో 36.1, 28.9, 22.5, 16.9, 12.1 కిలోలు. మొత్తము 116.5, నాలుగుచే గుణించిన 466. సమాకలనముచే వచ్చు ఖచ్చితమైన విలువ 466⅔. పలకమీద కూడికలు చేయగల బిడ్డ, ఆ పదమును విననేలేకున్నను, దాని చెంతకు ఒక కిలోగ్రాము-మీటరుకన్న తక్కువ దూరమునకు చేరినది.