ఓడే జట్టులో కుర్రాళ్ళు: తప్పెవరిది?

జట్టు గెలుస్తున్నప్పుడు అభిమానులకు పెద్దగా పని ఉండదు. చప్పట్లు కొడితే చాలు. ఓడటం మొదలైందంటే మాత్రం ప్రతి ఒక్కరూ కోచ్ అయిపోతారు. 2023-24 ఫుట్‌బాల్ సీజన్‌లో హైదరాబాద్ నగరంలో సరిగ్గా ఇదే జరిగింది. జుమ్మా నమాజు తర్వాత చాయ్ హోటల్లో కానీ, సాయంత్రం మొహల్లా మైదానం గోడ మీద కానీ, ఆట తెలిసిన నలుగురు కలిస్తే హైదరాబాద్ ఎఫ్‌సీ మాటే వచ్చేది. ఎప్పుడూ రెండే ప్రశ్నలు. ఆడే తీరు తప్పా? ఆడే కుర్రాళ్ళు తప్పా?

అడగడానికి కారణం లేకపోలేదు. ఆ సీజన్‌లో ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడిన 22 మ్యాచ్‌లలో మన జట్టు గెలిచింది ఒక్కటి. సమం చేసినవి 5. ఓడినవి 16. వచ్చిన పాయింట్లు 8. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. ఇదే జట్టు అంతకు రెండేళ్ళ ముందు, 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి లీగ్ ట్రోఫీ గెలుచుకుంది. ఆట 1-1తో ముగిసింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. కరోనా కారణంగా ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి కాబట్టి జట్టు ఎదుగుదలను నగరం టీవీలోనే చూసింది. గచ్చిబౌలి స్టేడియంకు వెళ్ళి కళ్ళారా చూద్దామనుకున్న అభిమానుల్లో చాలామందికి మిగిలింది ఒక్క మంచి సీజనే, 2022-23. ఆ వెంటనే పతనం.

రెండు వర్గాల వాదన

మేము విన్న వాదనలన్నీ రెండు వర్గాలుగా చీలాయి. మొదటిది పెద్దవాళ్ళ వర్గం. "బేటా, ఇంట్లో బియ్యం లేనప్పుడు బిర్యానీ సంగతి మాట్లాడకూడదు. ఉన్నవాళ్ళందరినీ గోల్ ముందు నిలబెట్టు. బంతి వస్తే దూరంగా తన్నెయ్. ఒక్క పాయింటు వచ్చినా చాలు" అంటారు వాళ్ళు. రెండోది కుర్రకారు వర్గం. "చాచా, అలా తన్నితే బంతి మళ్ళీ మన మీదికే వస్తుంది కదా! మనోలో కోచ్‌గా ఉన్నప్పుడు గోలీ దగ్గర నుంచి పాస్‌లతో ఆడి గెలవలేదా? మీరు చెప్పేది ఓడిపోకుండా ఉండటం, గెలవడం కాదు" అనేది వాళ్ళ జవాబు.

ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. అందరూ వెనక్కి వెళ్ళి గోల్‌ను కాపాడుకోవాలంటే, ముందు ఒకడు నిలబడి తన్నిన బంతిని కాళ్ళ దగ్గర పట్టి ఉంచాలి. వెనకున్నవాళ్ళు ఊపిరి పీల్చుకుని పైకి వచ్చేది ఆ కాస్త వ్యవధిలోనే. ట్రోఫీ గెలిచిన సీజన్‌లో ఆ పని చేసినవాడు నైజీరియా ఆటగాడు ఒగ్బెచె. అటువంటివాడు లేనప్పుడు దూరంగా తన్నిన బంతి క్షణాల్లో తిరిగి వస్తుంది. తొంభై నిమిషాలూ రక్షణలోనే గడిపిన కాళ్ళు చివరి పావుగంటలో మొరాయిస్తాయి.

పాస్‌లతో పైకి వెళ్ళాలన్నా చిక్కే. అందుకు మైదానం మధ్యలో నిలకడగల ఇద్దరు ముగ్గురు కావాలి. సొంత గోల్ ముందు ఒక్క పాస్ తప్పితే గోల్ పడుతుంది. ఆ తప్పు చేసిన పిల్లవాడి పేరే మర్నాడు అందరి నోళ్ళలో నానుతుంది.

పెద్ద తోడు లేని పిల్లలు

అసలు సంగతి వ్యూహంలో లేదు, మైదానంలో ఎవరు మిగిలారన్న దానిలో ఉంది. జీతాలు అందలేదన్న ఫిర్యాదులు వచ్చాయి. బకాయిల కారణంగా కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం విధించింది. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, బ్రెజిల్‌కు చెందిన జోవావ్ విక్టర్ ఒక్కడే మిగిలాడు. యాసిర్ గోవాకు, నిఖిల్ పూజారి, చింగ్లెన్‌సానా బెంగుళూరుకు వెళ్ళారు. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది దాదాపుగా కుర్రాళ్ళే. ఎదుటి జట్లలో మాత్రం విదేశీయులు, అనుభవజ్ఞులు యథాప్రకారం ఆడుతున్నారు.

"అయితే ఈ పిల్లలకు సత్తా లేదా?" అని అడిగేవారికి ఇదే క్లబ్ చరిత్ర జవాబు చెబుతుంది. 2019లో పుట్టిన ఈ జట్టు మొదటి సీజన్‌లోనూ ఆఖరి స్థానంలోనే నిలిచింది. మరుసటి సీజన్‌కు స్పెయిన్ దేశస్థుడు మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. ఆయన కూడా కుర్రాళ్ళనే నమ్ముకున్నాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో అప్పటికి పెద్దగా పేరున్నవాళ్ళు కారు. ఆ ఏడు జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. ఆ తర్వాతి ఏడు ట్రోఫీ అందుకుంది. ఆ ముగ్గురూ తర్వాత భారత జట్టుకు ఆడారు.

మనోలో కుర్రాళ్ళు, 2024 కుర్రాళ్ళు ఒకే వయసువాళ్ళు. తేడా పక్కన నిలబడినవాళ్ళలో ఉంది. మనోలో జట్టులో ప్రతి కుర్రవాడి పక్కన ఒక పెద్ద ఆటగాడు ఉండేవాడు. "ఇప్పుడు ముందుకు పో, ఇప్పుడు ఆగు" అని చెప్పే గొంతు ఉండేది. తప్పు చేస్తే సరిదిద్దే కాళ్ళు ఉండేవి. 2024లో ఆ గొంతూ లేదు, ఆ కాళ్ళూ లేవు. పని నేర్చుకునేవాడిని ఉస్తాద్ లేకుండా దుకాణంలో ఒంటరిగా కూర్చోబెట్టి, లెక్క తప్పిందని తిట్టినట్టయింది.

రహీం సాబ్ దారి

వ్యూహమా, కుర్రాళ్ళా అన్న ఈ చర్చ మన నగరానికి కొత్తది కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడేవారు. జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. అప్పటికే 1951 ఆసియా క్రీడల్లో మన దేశానికి స్వర్ణం తెచ్చి ఉన్నారు. అయినా పది గోల్స్ అంటే చిన్న దెబ్బ కాదు.

రహీం సాబ్ ఆ దెబ్బను పాఠంగా తీసుకున్నారు. పాత పద్ధతిని పట్టుకు వేలాడకుండా ఆట అమరికను మార్చారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. అంతకన్నా ముఖ్యం, ఆయన పిల్లలకు నేర్పిన తీరు. బంతిని తనదగ్గరే ఉంచుకుని డ్రిబ్లింగ్ చేయడాన్ని నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు. అలవాటు లేని కాలితోనే తన్నాలన్న షరతుతో పోటీలు జరిపారు. వ్యూహాన్ని నల్లబల్ల మీద గీసి వదిలేయలేదు, పిల్లల కాళ్ళలోకి ఎక్కించారు. ఆయన శిక్షణలోని హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారతదేశం ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాద్ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు, ఇరవై ఏళ్ళవాడు. పి.కె. బెనర్జీ వయసూ అంతే. వాళ్ళతోపాటు హెల్సింకి దెబ్బ తిన్న మన హైదరాబాదీలు నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ కూడా ఉన్నారు. ఓడినవాళ్ళను తరిమేయకుండా కొందరిని ఉంచారు, పిల్లలను వాళ్ళ పక్కన నిలబెట్టారు. నాలుగేళ్ళు పట్టింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. జట్టు చెదరలేదు. ఫైనల్లో మళ్ళీ అదే కొరియా ఎదురైంది. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం సాబ్ ముందు వరుసలో ఆడించారు. ఒక గోల్ అతనిది, మరొకటి బెనర్జీది. 2-1తో స్వర్ణం మనదైంది. అప్పటికే జబ్బుతో ఉన్న రహీం సాబ్ 1963 జూన్‌లో కన్నుమూశారు.

నగరానికి మిగిలిందేమిటి?

హైదరాబాద్ ఎఫ్‌సీకి నాలుగేళ్ళ వ్యవధి దొరకలేదు. 2024-25లో యాజమాన్యం మారింది. సీజన్ మధ్యలో సింగ్టో వెళ్ళిపోగా, యువ జట్టుకు శిక్షణ ఇచ్చిన షమీల్ చెంబకత్ పగ్గాలు పట్టాడు. జట్టు పదమూడింటిలో పన్నెండో స్థానంలో నిలిచింది. 2025 అక్టోబరులో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. చాయ్ హోటల్ వాదనకు తీర్పు రాకముందే జట్టే లేకుండా పోయింది.

ఈ మొత్తం కథలో తప్పు ఆడిన పిల్లలది కాదని మా అభిప్రాయం. క్లబ్ ఊరు మారుస్తుంది, యజమాని మారతాడు. మొహల్లా మైదానం మాత్రం ఇక్కడే ఉంటుంది, దాన్ని కాపాడుకుంటే. రహీం సాబ్ పెట్టిన తరహా పోటీలకు పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, ఒక ఖాళీ జాగా, ఆట తెలిసిన ఒక బుజుర్గ్ ఉంటే చాలు. ఒకప్పుడు లీగ్ ఆడి ఇప్పుడు ఇంట్లో కూర్చున్న పెద్దలు దాదాపు ప్రతి బస్తీలో కనిపిస్తారు. వారానికి ఒక్క సాయంత్రం వాళ్ళు మైదానానికి వచ్చి పిల్లల పక్కన నిలబడితే, అదే పెద్ద సాయం.

తల్లిదండ్రులకూ ఒక మాట. మీ అబ్బాయి మ్యాచ్ ఓడి ఇంటికొస్తే "ఎన్ని గోల్స్ తిన్నారు?" అని అడగడం తేలిక. "ఈరోజు ఏం నేర్చుకున్నావు? ఎవరు నేర్పారు?" అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు లేకపోతే, ఆ లోటు పిల్లవాడిది కాదు, మన పెద్దలది.