నీరు పూర్తిచేసే ఈగ

ఒక చిన్న ఉక్కు గాలం, మూరెడు పట్టుదారం, ఒకే ఒక్క ఈక. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ లోయల్లో ట్రౌట్ చేపల కోసం కట్టే ‘సాఫ్ట్ హ్యాకిల్’ ఎరకు కావలసిన సరంజామా ఇంతే. పొడవు సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కట్టడం పూర్తయ్యాక చూసినా దానికి కళ్లుండవు, రెక్కలుండవు, తోక ఉండదు. ఏ పురుగుకూ అచ్చమైన నకలు కాదు. అయినా వార్ఫ్, నిడ్, యూర్ నదుల్లో ట్రౌట్‌లు తరతరాలుగా దాన్ని పురుగనుకునే కరుచుకుంటున్నాయి. ఇంత తక్కువ సరుకుతో ఇంత పని ఎలా జరుగుతోంది?

ఈకలతో చేపను భ్రమింపజేయడం చాలా పాత విద్య. మాసిడోనియా ప్రజలు ఎర్ర ఉన్ని చుట్టిన గాలానికి కోడిపుంజు ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని క్రీ.శ. 200 ప్రాంతపు రోమన్ రచయిత ఏలియన్ రాశాడు. 1496లో వింకిన్ డి వోర్డ్ ఇంగ్లండ్‌లో అచ్చువేసిన గాలం వేట గ్రంథంలో 12 ‘ఈగల’ (ఈకలతో కట్టే ఎరల) వివరాలున్నాయి. సాఫ్ట్ హ్యాకిల్ ఈ వంశంలోదే.

పురుగు బతుకులో ఒక గండం

ట్రౌట్ తిండిలో ఎక్కువ భాగం నీటి పైపొర కింద దొరికేదే. మేఫ్లై సంగతి చూడండి. దాని పిల్లపురుగు ఏటి అడుగున రాళ్ల సందుల్లో నెలల తరబడి పెరుగుతుంది. అదను రాగానే పైకి ఈదుతుంది. పైపొరకు చేరాక చర్మం చీలి, రెక్కల పురుగు బయటికి రావాలి. అంత చిన్న ప్రాణికి నీటి తలతన్యత పెద్ద అడ్డుగోడ. కొన్ని సగం బయటికి వచ్చి ఇరుక్కుపోతాయి, కొన్ని మునిగిపోతాయి. తప్పించుకోలేని ఆ కాసేపట్లో వాటిని పట్టడానికి చేపకు పెద్ద శ్రమ అక్కర్లేదు. సాఫ్ట్ హ్యాకిల్ అనుకరించేది ఈ పెనుగులాటనే.

కట్టే తీరు

పేరున్న ‘పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్’ను తీసుకుందాం. గాలాన్ని వైస్ అనే చిన్న పనిముట్టులో బిగిస్తారు. నారింజరంగు పట్టుదారానికి మైనం రాసి, చుట్టుకు చుట్టు ఆనేలా కాడ మీద వెనక్కి చుట్టుకుంటూ వెళ్లి, గాలం మొనకు తిన్నగా వచ్చేసరికి ఆపి, మళ్లీ ముందుకు వస్తారు. మన కౌజుపిట్టకు బంధువైన పార్ట్రిడ్జ్ వీపు మీది గోధుమరంగు ఈక ఒకటి తీసుకుని, మొదట్లోని నూగు దూసేసి, కొసను దారంతో బిగించి, తల దగ్గర ఒకటిన్నర, మహా అయితే రెండు చుట్లు తిప్పుతారు. పోచలు చుట్టూ విచ్చుకుంటాయి. చిన్న ముడి వేసి దారం కోస్తే ఎర సిద్ధం. కొత్తగా నేర్చుకునేవారి చెయ్యి మూడో చుట్టుకు పోతుంది. ఎర చెడేది అక్కడే. పోచలు దట్టమైతే ఒకదానికొకటి అడ్డుపడి కదలలేవు.

కోడిపుంజు మెడ ఈక పోచలు బిరుసుగా ఉంటాయి, నీటిని అంతగా పీల్చవు. అందుకే అవి పైన తేలే ఎరలకు పనికొస్తాయి. పార్ట్రిడ్జ్, స్నైప్, నీటికోడి ఈకలు మెత్తన, తేలిగ్గా తడిసి మునుగుతాయి. ఏటి వేగం అడుగడుగునా మారుతుంది. వడి పెరిగితే పోచలు ఒంటికి అతుక్కుంటాయి, తగ్గితే విచ్చుకుంటాయి. పురుగు కాళ్లాడించినట్టే ఉంటుంది.

దారంలోనూ భౌతికశాస్త్రం ఉంది. పట్టుచీర తడిస్తే రంగు ముదిరినట్టే ఇదీ ముదురుతుంది. పొడి పోగుల మధ్యనున్న గాలి వెలుగును చెదరగొడుతుంది. అక్కడ నీరు నిండితే, నీటి వక్రీభవన గుణకం పట్టు గుణకానికి మరింత దగ్గర కాబట్టి, ఆ చెదరడం తగ్గుతుంది. లోపలి ఉక్కు ఛాయ తొంగిచూసి, నారింజ గోధుమకు తిరుగుతుంది. కట్టేవారు రంగును ఎంచుకోవలసింది తడిసినప్పుడు ఎలా ఉంటుందో చూసి.

వెలుగు, మసక, మళ్లీ వెలుగు

1857లో స్కాట్లాండ్‌కు చెందిన డబ్ల్యూ.సి. స్టూవర్ట్ ‘ది ప్రాక్టికల్ యాంగ్లర్’ రాసి, ఇలాంటి ‘స్పైడర్’ ఎరలను ఏటికి ఎదురుగా విసరమన్నాడు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురు తిరిగి నిలుస్తుంది కనుక, వెనక నుంచి వచ్చే మనిషి దానికి కనిపించడు. 1885లో టి.ఇ. ప్రిట్ యార్క్‌షైర్ ఎరలను రంగుల బొమ్మలతో గ్రంథస్థం చేశాడు. పల్లె చేతుల్లోని విద్య అలా కాగితానికెక్కింది.

సరిగ్గా అప్పుడే దక్షిణ ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ హాల్‌ఫోర్డ్ రచనలతో తేలే ఎరల మోజు పెరిగింది. మునిగే ఎర మోటు పద్ధతిగా పేరుపడింది. 1910లో జి.ఇ.ఎం. స్క్యూస్ చేప నీటి లోపల ఏం తింటుందో చూడమని ఆ అభిప్రాయాన్ని ఎదిరించాడు. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన జేమ్స్ లైజెన్‌రింగ్ 1941లో, సిల్వెస్టర్ నీమ్స్ 1975లో తమ పుస్తకాలతో మునిగే ఎరకు కొత్త పాఠకులను తెచ్చారు.

ఈ కథలో నష్టపోయినవారూ ఉన్నారు. డాటరెల్ అనే కొండపిట్ట ఈక ఒకప్పుడు ఎంతో గిరాకీ ఉన్న సరుకు. ఇప్పుడా పిట్టకు బ్రిటన్‌లో 1981 చట్టం ప్రత్యేక రక్షణనిస్తోంది. మన గోరింకకు బంధువైన స్టార్లింగ్ ఈకను దాని బదులు వాడుతున్నారు. ఎర పనితీరు మారలేదు. ఎందుకంటే ఈ ఆవిష్కరణ విలువ ఏ ఒక్క పిట్ట ఈకలోనూ లేదు. పురుగును ఆనవాలు పట్టడానికి చేపకు కదలిక చాలని, ఆ కదలికను నీరే ఇస్తుందని గ్రహించడంలో ఉంది. చెయ్యి ఎక్కడ ఆగాలో తెలిసినవారు దాన్ని ఏ మెత్తని ఈకతోనైనా కట్టగలరు. అరుదైన పిట్టను చంపి ఈక తెచ్చే అవసరం ఈ విద్యకు లేనే లేదు.